ఎనిమిది రోజులు, కొన్ని బొమ్మలు, ఒక ఆస్పత్రి వరండా

ముందు ఇది చెప్పకపోతే మిగతాదేదీ అర్థం కాదు. 2021 మే నెలలో అమ్మ కోవిడ్‌తో పోయింది. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉంది, ఆ పదకొండు రోజులూ నేనూ అక్కా వార్డు వరండా మొదట్లో ఉన్న ఇనుప గేటుకి ఇవతలే ఉన్నాం. లోపలికి ఎవరినీ పంపేవాళ్ళు కాదు. ఆ రోజుల్లో ఎక్కడైనా అంతే కాబట్టి ఎవరినీ తప్పు పట్టను, కానీ ఆ వరండా ఎంత పొడుగో, చివర్న ఎడమ పక్క తలుపు ఏ రంగో, ట్రాలీ వస్తుంటే ఎలా చప్పుడయ్యేదో ఇవాళ్టికీ కళ్ళు మూసుకుని చెప్పగలను. అక్క అప్పట్నుంచీ ఒకటే మాట అంటుంది: "ఒక్కసారి చెయ్యి పట్టుకోనిచ్చి ఉంటే చాలేదే."

ఆ తర్వాత చాలా నెలలు నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. వార్తలు చూసే ధైర్యం లేక ఫోన్లో మ్యూజియంల సైట్లు తెరిచి, పెయింటింగులు పెద్దవి చేసి, వేళ్ళతో అటూ ఇటూ జరుపుతూ చూసేదాన్ని. అలా ఒక రాత్రి కంటపడింది ఐసెన్‌హైమ్ బొమ్మ, ఒళ్ళంతా పుళ్ళతో శిలువ మీద వేలాడుతున్న క్రీస్తు. భయపడి ఫోన్ పక్కన పెట్టేశాను, మళ్ళీ తీశాను. కింద రాసింది చదివితే తెలిసింది, అది ఒక ఆస్పత్రిలో రోగుల కోసం వేయించిన బొమ్మ అని. ఇంత ఘోరమైన బొమ్మని జబ్బుతో ఉన్నవాళ్ళ ముందు ఎందుకు పెట్టారు? ఆ ప్రశ్నే మమ్మల్ని ఇంత దూరం తీసుకొచ్చింది. అక్కకి సెలవు దొరికాక ఆ బొమ్మని మధ్యలో పెట్టుకుని ఎనిమిది రోజుల ప్రయాణం అల్లాను.

మొదటి రోజు, బుధవారం, లండన్

పొద్దున్న దిగాం, మధ్యాహ్నానికల్లా ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నేషనల్ గ్యాలరీ ముందున్నాం. లోపలికి టికెట్ లేదు, ఊరికే వెళ్ళొచ్చు. నేను చూడాలనుకున్నది ఒక్కటే, వెనిస్ చిత్రకారుడు టిషియన్ 1514 ప్రాంతంలో వేసిన 'నోలి మే తాంగెరె'. లాటిన్‌లో 'నన్ను తాకకు' అని అర్థం. ఆ పేరు అక్కకి ముందే చెప్పలేదు.

అంతకన్నా ముందు ఈ భవనం కథ చెప్పాలి. 1939లో యుద్ధం వస్తోందని తెలియగానే ఇక్కడి పెయింటింగులన్నీ వేల్స్‌కి పంపేశారు. తర్వాత వాటిని ఓడెక్కించి కెనడాకి పంపుదామన్న ఆలోచన వస్తే చర్చిల్ ఒప్పుకోలేదు, గుహల్లోనో నేలమాళిగల్లోనో దాచండి గానీ ఒక్క బొమ్మ కూడా ఈ దీవి దాటడానికి వీల్లేదన్నాడు. చివరికి 1941లో మానడ్ అనే చోట కొండ లోపల పలకరాయి గనిలోకి చేర్చారు. గుర్రం మీద ఉన్న మొదటి చార్లెస్ రాజు బొమ్మ ఎంత పెద్దదంటే, దాన్ని దాటించడానికి రైల్వే వంతెన కింద రోడ్డు తవ్వి లోతు చేయాల్సొచ్చింది. గనిలో వేడీ తేమా ఒకే తీరుగా ఉంచేసరికి పెయింటింగులు లండన్లో ఉన్నప్పటికంటే బాగున్నాయని కనిపెట్టారట, ఈరోజు మ్యూజియంలలో మనకి తగిలే ఏసీ చల్లదనం వెనక ఆ గనిలో నేర్చుకున్న పాఠం కూడా ఉంది.

మరి ఇక్కడ మిగిలినవి ఖాళీ గోడలు. ఆ ఖాళీ గోడల మధ్య మైరా హెస్ అనే పియానో కళాకారిణి 1939 అక్టోబరు 10న మధ్యాహ్నం పూట కచేరీ పెట్టింది. రాత్రిళ్ళు ఊరంతా దీపాలార్పి చీకట్లో ఉండే రోజులవి, సాయంత్రం కచేరీలు ఆగిపోయాయి, అందుకని ఒంటిగంటకి. జనం బయట వరస కట్టారు. అక్కడి నుంచి సోమవారం మొదలుకుని శుక్రవారం దాకా, బాంబులు పడే రోజుల్లో కింది అంతస్తులోకి దిగి మరీ, 1946 దాకా నడిపారు. మొత్తం 1,698 కచేరీలు! ఈ భవనం మీదే బాంబులు పడ్డాయి, అయినా ఆపలేదు.

1942లో ఇంకోటి జరిగింది. లండన్ ముఖమంతా గాయాలైపోయింది, ఇలాంటప్పుడే మాకు అందమైనవి చూడాలని ఉంది, ఒక్క బొమ్మనైనా తెచ్చి చూపించండి అని ఒకాయన పత్రికకి ఉత్తరం రాశాడు. గ్యాలరీ వాళ్ళు ఒప్పుకుని, గని నుంచి నెలకొక పెయింటింగ్ తెచ్చి పెట్టడం మొదలుపెట్టారు. ఆ నెలవారీ వరసలో మొదటిది ఈ 'నోలి మే తాంగెరె'.

అక్క దాని ముందు నిలబడింది. చిన్న బొమ్మే, మీటరు కన్నా కాస్త ఎత్తు. క్రీస్తు సమాధి దగ్గర ఏడుస్తూ వెతుక్కుంటున్న మగ్దలేన్ మరియకి ఎదురుగా ఎవరో కనిపిస్తే తోటమాలి అనుకుంటుంది, చేతిలో పార కూడా ఉంది మరి. పేరు పెట్టి పిలిచాక, తిరిగి లేచిన క్రీస్తేనని గుర్తుపట్టి మోకాళ్ళ మీద పడి చెయ్యి చాస్తుంది. ఒక చెయ్యి కింద అత్తరు బుడ్డి మీద ఆని ఉంది, రెండో చెయ్యి గాల్లో. ఆయన తన తెల్లటి గుడ్డని వెనక్కి లాక్కుంటున్నాడు, అంటే ముట్టుకోవద్దు అని, కానీ నడుము పైభాగం మాత్రం ఆమె మీదకే వంగి ఉంది. కాళ్ళు వెళ్ళిపోతున్నాయి, ఒళ్ళు ఆగిపోయింది. ఆ చాచిన వేళ్ళకీ ఆ గుడ్డకీ మధ్య జానెడు కూడా లేదు.

"ఇది ఎవరు అడిగి తెప్పించుకున్నారన్నావ్?" అంది అక్క. బాంబుల్లో ఇళ్ళూ మనుషులూ పోగొట్టుకున్న ఊరివాళ్ళు అన్నాను. ఇంకేం మాట్లాడలేదు. గార్డు ఒకసారి మా వైపు చూసి మళ్ళీ పక్కకి తిరిగాడు. దాదాపు అరగంట అక్కడే ఉన్నాం.

రెండో రోజు, గురువారం, లండన్

ఇంపీరియల్ వార్ మ్యూజియం. ఇక్కడికి తుపాకులూ విమానాలూ చూడ్డానికి వెళ్ళలేదు, జాన్ సింగర్ సార్జెంట్ అనే చిత్రకారుడు వేసిన 'గ్యాస్డ్' కోసం వెళ్ళాం. ఆరు మీటర్ల పైన వెడల్పు, ఒక గోడ మొత్తం అదే. 1918 ఆగస్టులో ఫ్రాన్స్‌లో ఆయన కళ్ళారా చూసిన దృశ్యం, 1919లో పూర్తిచేశాడు. మస్టర్డ్ గ్యాస్ అనే విషవాయువు తగిలి చూపు పోయిన సైనికులు కళ్ళకి గుడ్డలు కట్టుకుని, ముందున్నవాడి భుజం మీద చెయ్యి వేసి, ఒకరి వెనక ఒకరు చికిత్స గుడారం వైపు నడుస్తున్నారు. దారికి రెండు పక్కలా నేల మీద పడి ఉన్నవాళ్ళు, లెక్క తెలియనంత మంది.

దగ్గరికెళ్ళి చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. వరసలో ఒకతను కాలు అవసరమైన దానికంటే చాలా పైకి ఎత్తాడు. ముందు మెట్టుంది జాగ్రత్త అని ఎవరో చెప్పి ఉంటారు, ఎంత ఎత్తో కనపడదు కదా, అందుకని మోకాలు పొట్ట దాకా లేపేశాడు. అంత పెద్ద బొమ్మలో నన్ను ఏడిపించింది ఆ ఒక్క కాలు. వెనక దూరంగా, నడిచేవాళ్ళ కాళ్ళ సందుల్లోంచి, ఫుట్‌బాల్ ఆడుతున్న కుర్రాళ్ళు కనిపిస్తారు. అదీ నిజమే, ఆ మే నెలలో మేం గేటు దగ్గర కూర్చున్నప్పుడు ఎదురు మేడ మీద ఒక పిల్లాడు రోజూ గాలిపటం ఎగరేసేవాడు.

బయటికొస్తూ భవనం గురించి రాసింది చదివాను. ఇది ఒకప్పుడు మానసిక రోగుల ఆస్పత్రి, బెత్లెం హాస్పిటల్. ఆస్పత్రి 1930లో వేరేచోటికి మారిపోయింది, 1936లో మ్యూజియం వచ్చింది. మెట్లు దిగి వెనక్కి తిరిగి ఆ కిటికీల వరస చూశాను. ఏ కిటికీ వెనక ఎవరుండేవారో.

మూడో రోజు, శుక్రవారం, లండన్ నుంచి పారిస్

ట్రెయిన్ మధ్యాహ్నానికి. పొద్దున్నే థేమ్స్ ఒడ్డుకి వెళ్ళాం, పార్లమెంటుకి ఎదురుగట్టున, సెయింట్ థామస్ ఆస్పత్రి పక్కనున్న గోడ దగ్గరికి. 2021 మార్చి చివర్లో, కోవిడ్‌లో తమవాళ్ళని పోగొట్టుకున్న కుటుంబాలు ఆ గోడ మీద ఎర్రటి గుండె గుర్తులు గీయడం మొదలుపెట్టాయి, చనిపోయిన ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చొప్పున. ఇప్పుడవి రెండు లక్షలు దాటాయి, గోడ అర కిలోమీటరు పొడుగుంటుంది. ఏ మ్యూజియమూ కట్టలేదు దీన్ని, ఏ పెద్ద కళాకారుడూ గీయలేదు, కానీ ఈ ఎనిమిది రోజుల్లో చూసినవాటిలో దీన్ని తీసేయమంటే నేను ఒప్పుకోను.

మొదట్లో వాడిన రంగు ఎండకీ వానకీ వెలిసిపోతుంది. ఎరుపు గులాబీ అవుతుంది, తర్వాత గోడ రంగులో కలిసిపోతుంది, అందుకని వాలంటీర్లు వారం వారం వచ్చి వెలిసినవాటిని మళ్ళీ దిద్దుతారు. మేం వెళ్ళినప్పుడు నలుగురైదుగురు ఉన్నారు. ఒక పెద్దావిడ కింద మోకాళ్ళ మీద కూర్చుని, ఒక గుండెకి రంగు వేసి, లోపల చెరిగిపోతున్న పేరుని ఒక్కొక్క అక్షరమే చూసి చూసి మళ్ళీ రాస్తోంది. మీవాళ్ళా అని అడిగితే కాదంది, ఎవరో తనకి తెలియదంది. తనవాళ్ళది అక్కడ ఉందని పెన్నుతోనే దూరంగా చూపించింది. ఆ గోడ ఆ దేశంలో పోయినవాళ్ళది, అందుకని అమ్మ పేరు రాయాలని మాకు అనిపించలేదు. అక్క మాత్రం ఆవిడ రంగు డబ్బా చేతిలోకి తీసుకుని పక్కనే పట్టుకుని నిలబడింది, ఆవిడ వద్దనలేదు. మూడు గుండెలు పూర్తయ్యేదాకా అలాగే ఉంది.

సాయంత్రానికి పారిస్. శుక్రవారం లూవ్ర్ మ్యూజియం రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది, సామాను గదిలో పడేసి పరిగెత్తాం. మోనాలిసా దగ్గర జనాన్ని చూసి ఆగలేదు, తిన్నగా జెరికో వేసిన 'మెడూసా తెప్ప' దగ్గరికి.

1816 జులైలో మెడూసా అనే ఫ్రెంచి నౌక ఆఫ్రికా తీరం దగ్గర ఇసుకదిబ్బకి తగులుకుంది. కెప్టెన్‌కి ఓడ నడిపి ఇరవై ఏళ్ళు దాటింది, రాజుగారి మనిషని పదవి ఇచ్చారంతే. పడవలు చాలక 147 మందిని ఒక చెక్క తెప్ప మీదకి ఎక్కించి, పడవలతో లాక్కెళ్తామని చెప్పి, కొంతదూరం వెళ్ళాక తాళ్ళు వదిలేశారు. పదమూడు రోజుల తర్వాత ఇంకో ఓడకి కనపడేసరికి బతికి ఉన్నది పదిహేను మంది. ప్రభుత్వం దీన్ని అణచిపెట్టాలనే చూసింది. పాతికేళ్ళ పైచిలుకు కుర్రాడు జెరికో ఏం చేశాడంటే, బతికొచ్చినవాళ్ళని కలిసి మాట్లాడాడు, తెప్ప నమూనా చేయించాడు, తన స్టూడియోకి దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి వెళ్ళి చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ ఒంటిరంగు ఎలా మారుతుందో కూర్చుని చూశాడు. 1819లో ప్రదర్శనలో పెట్టినప్పుడు దీని పేరు 'నౌకా ప్రమాద దృశ్యం' అని మాత్రమే రాశారు, కానీ చూసిన ప్రతివాడికీ ఏ నౌకో తెలుసు.

దాదాపు ఐదు మీటర్ల ఎత్తు, ఏడు మీటర్ల వెడల్పు. పైన ఒకడు గుడ్డ ఊపుతున్నాడు, దూరంగా సముద్రం అంచున గింజంత ఓడ. అందరూ అటే చూస్తుంటే ఎడమ పక్క ఒక పెద్దాయన మాత్రం అటు తిరగడు, ఒళ్ళో చనిపోయిన కుర్రాడిని ఒక చేత్తో పట్టుకుని, చెంప మీద చెయ్యి పెట్టుకుని మన వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. రక్షించే ఓడ వచ్చినా ఆయనకి ఇక ఒకటే. మే నెల పోయి జూన్‌లో కేసులు తగ్గాయని టీవీలో చెప్తుంటే అక్క మొహం అలాగే ఉండేది.

ఈ బొమ్మకి కూడా వలస తప్పలేదు. 1939లో లూవ్ర్ ఖాళీ చేసినప్పుడు నాటకాల సెట్లు మోసే లారీలో నిలబెట్టి తీసుకెళ్తుంటే వెర్సాయిలో ట్రామ్ తీగలకి చిక్కుకుంది.

నాలుగో రోజు, శనివారం, కోల్మార్

ఫ్రాన్స్ తూర్పు అంచున ఉన్న ఊరు, పారిస్ నుంచి రైల్లో రెండున్నర గంటలు పడుతుంది. ఉంటర్‌లిండెన్ మ్యూజియం ఒకప్పుడు సన్యాసినుల మఠం, 13వ శతాబ్దపు కట్టడం. ఐసెన్‌హైమ్ బొమ్మ ఆ మఠం ప్రార్థనా మందిరంలోనే ఉంది. టికెట్ తీసుకునేటప్పటికి నాకు అరచేతులు చెమట పట్టాయి, ఇన్నేళ్ళూ ఫోన్లో చూసిందే కదా ఎందుకింత టెన్షన్ అని అక్క అడిగితే చెప్పలేకపోయాను.

ఇది ఒక్క బొమ్మ కాదు. బలిపీఠం వెనక నిలబెట్టే పెద్ద చెక్క కట్టడం, రెండు పొరల తలుపులు. మామూలు రోజుల్లో మూసి ఉంచేవాళ్ళు, అప్పుడు బయటికి కనిపించేది శిలువ. పండగలకి తలుపులు తీస్తే లోపల వేరే బొమ్మలు, ఇంకో జత తీస్తే చెక్కిన విగ్రహాలు. బొమ్మలు గ్రూనెవాల్డ్ వేశాడు, విగ్రహాలు హాగెనావర్ చెక్కాడు, 1512 నుంచి 1516 మధ్య. ఇప్పుడు విడదీసి వరసగా నిలబెట్టారు కాబట్టి చుట్టూ తిరిగి అన్నీ చూడొచ్చు.

వేయించింది ఐసెన్‌హైమ్ అనే ఊళ్ళో ఆస్పత్రి నడిపిన ఆంటొనైన్ సన్యాసులు, అంటే ఎడారిలో తపస్సు చేసిన సెయింట్ ఆంటొనీ పేరు పెట్టుకున్నవాళ్ళు. వాళ్ళు చూసే జబ్బుని సెయింట్ ఆంటొనీ మంట అనేవాళ్ళు. రై అనే ధాన్యానికి ఒకరకం బూజు పడుతుంది, ఆ పిండితో చేసిన రొట్టె తిన్నవాళ్ళకి రక్తనాళాలు బిగుసుకుపోయి కాళ్ళూ చేతులూ నిప్పుల్లో పెట్టినట్టు మండుతాయి, నల్లబడి కుళ్ళిపోతాయి, లేనివి కనిపిస్తాయి. అక్క బడిలో సైన్స్ చెప్తుంది, "ఎర్గాట్," అంది వెంటనే, "పిల్లలకి ఒక్క లైనులో చెప్పి వదిలేస్తాం." అప్పటివాళ్ళకి కారణం తెలియదు. సన్యాసులు మంచి రొట్టె పెట్టేవాళ్ళు, లేపనాలు రాసేవాళ్ళు, తప్పనప్పుడు కాలో చెయ్యో తీసేసేవాళ్ళు. రోగిని ఈ బొమ్మ ముందుకి తెచ్చేవాళ్ళు.

ఇక ఆ శిలువ. ఫోన్లో చూసిందానికీ దీనికీ పోలికే లేదు. ఆకుపచ్చకి తిరిగిన ఒళ్ళు, చర్మంలో విరిగిపోయిన ముళ్ళు ముళ్ళలాగే గుచ్చుకుని ఉన్నాయి, చుట్టూ చిన్న చిన్న పుళ్ళు. మేకు దిగిన చోట చేతివేళ్ళు ఎండుకొమ్మల్లా ఆకాశం వైపు విచ్చుకున్నాయి. పెదవులు నీలం. ఆ నీలం నాకు తెలుసు, వీడియో కాల్‌లో చూశాను. అక్కకీ తెలుసు. ఇద్దరం ఒకేసారి ఊపిరి పీల్చుకున్నాం. కింద మగ్దలేన్ మోకాళ్ళ మీద వేళ్ళు వేళ్ళలో బిగించి ఉంది, పక్కన అదే అత్తరు బుడ్డి, బుధవారం లండన్లో చూసిందే.

ఎందుకు పెట్టారన్న నా ప్రశ్నకి జవాబు అక్కడ నిలబడితే తెలుస్తుంది, చదివితే తెలియదు. కుళ్ళిపోతున్న ఒంటిని చూసి ఊరంతా ముక్కు మూసుకుని మొహం తిప్పుకున్నవాడికి, ఒక చిత్రకారుడు తన పుళ్ళని పుళ్ళలాగే, ఒక్కటీ దాచకుండా, అంత శ్రద్ధగా దేవుడి ఒంటి మీద వేసి చూపించాడు. ఎవరో నన్ను సరిగ్గా చూశారు అన్నది ఎంత పెద్ద మందో నాకు తెలుసు, ఎందుకంటే ఆ పదకొండు రోజుల్లో మమ్మల్ని ఎవరూ అలా చూడలేదు. 'బెడ్ నంబర్ ఇంత వాళ్ళు' అనేవాళ్ళు.

లోపలి తలుపు మీద తల్లీబిడ్డల బొమ్మ. పైన దేవదూతల సంగీతం, బంగారు కాంతి, మేరీ పాదాల దగ్గరేమో ఒక చెక్క తొట్టి, ఉయ్యాల మంచం, రాత్రిపూట వాడుకునే మూత్రపు కుండ. బిడ్డకి చుట్టిన గుడ్డ చిరిగి ఉంది. ఏళ్ళ తరబడి మంచంలో ఉన్న రోగి ఈ బొమ్మలో తన గది సామాన్లు గుర్తుపట్టి ఉంటాడు.

ఐదో రోజు, ఆదివారం, కోల్మార్

అక్కే అంది మళ్ళీ వెళ్దామని. నిన్న సరిగ్గా చూడంది సెయింట్ ఆంటొనీని దయ్యాలు పీకుతున్న బొమ్మ. కింద ఎడమ మూలన ఒక ఆకారం ఉంది, పొట్ట ఉబ్బి, ఒళ్ళంతా పుళ్ళు లేచి, తల వెనక్కి వాల్చి అరుస్తోంది. దయ్యమా రోగా అన్నది తేలదు, పాదాలకి బాతుకాళ్ళలా పొర ఉంది. కుడి మూలన మాత్రం ఒక చిన్న కాగితం ముక్క వేశాడు, లాటిన్‌లో రాసుంది. అర్థం ఇది: 'ఎక్కడున్నావు మంచి యేసూ, ఎక్కడున్నావు? నా గాయాలు మాన్పడానికి ఎందుకు రాలేదు?'

అక్కకి చదివి చెప్పాను. "చర్చిలో ఇది రాశారా?" అంది. రాశారు. బలిపీఠం మీద, రోగుల కళ్ళ ముందు. ఆంటొనీ కథలో ఆ ప్రశ్నకి తర్వాత జవాబు వస్తుంది, నేనిక్కడే ఉండి నీ పోరాటం చూస్తున్నానని. కానీ చిత్రకారుడు ఆ కాగితం మీద ప్రశ్నే రాశాడు, జవాబు రాయలేదు. అమ్మ పోయాక మా ఇద్దరిలో ఎవరం దేవుడి గురించి మాట్లాడుకోలేదు, ఒకరికొకరం భయపడి. ఆ మధ్యాహ్నం మఠం లోపలి తోట పక్క రాతి అరుగు మీద కూర్చుని మొదటిసారి మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ రాయను.

ఈ బొమ్మ తర్వాతి బతుకు కూడా చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, దీన్ని భద్రంగా ఉంచాలని మ్యూనిక్ తరలించారు. 1918 నవంబరులో జర్మనీ యుద్ధం ఓడిపోయి, రాజులు దిగిపోయి, ఊళ్ళు ఆకలితో ఉన్న రోజుల్లో అక్కడ జనానికి చూపించారు. గుడికి వచ్చినట్టు వచ్చారట, గాయపడిన సైనికులతో సహా. 1919లో తిరిగి కోల్మార్ పంపేశారు. నాలుగు వందల ఏళ్ళ కిందటి రోగుల కోసం వేసిన బొమ్మని యుద్ధంలో దెబ్బతిన్నవాళ్ళు తమదే అనుకున్నారు, వందేళ్ళకి మేం వెళ్ళి మాదే అనుకుంటున్నాం.

ఆరో రోజు, సోమవారం

బాసెల్ నుంచి మాడ్రిడ్ విమానం. ఆలస్యం. రాత్రికి చేరాం. అక్క విమానంలో నిద్రపోయింది, అలా భుజం మీద తల వాల్చి నిద్రపోయి ఎన్నేళ్ళయిందో.

ఏడో రోజు, మంగళవారం, ప్రాడో

ఈ మ్యూజియం మీద 1936 నవంబరులో బాంబులు పడ్డాయి, స్పెయిన్ అంతర్యుద్ధం. బొమ్మలని లారీల్లో వాలెన్సియాకి, అక్కణ్ణుంచి ఫ్రాన్స్ సరిహద్దు వైపు, 1939 ఫిబ్రవరిలో జెనీవాకి చేర్చారు. దారిలో, నెపోలియన్ సైన్యం మీద మాడ్రిడ్ జనం తిరగబడ్డ రోజుని స్పెయిన్ చిత్రకారుడు గోయా వేసిన బొమ్మ 'మే 2, 1808' చిరిగి ఎడమ పక్క కొన్ని ముక్కలు పోయాయి. యుద్ధమయ్యాక అతికించినవాళ్ళు ఆ పోయిన చోట్ల బొమ్మ గీయలేదు, ఎర్రటి మట్టి రంగు పూసి వదిలేశారు, దాదాపు డెబ్భై ఏళ్ళు అలాగే ఉంది, 2008లో నింపారు. యుద్ధాన్ని చూపించే బొమ్మకి ఇంకో యుద్ధం గాయం చేసిందన్నమాట. నాకైతే ఆ ఎర్ర మచ్చలు ఉంచేసి ఉంటే బాగుండేదనిపించింది. అక్క ఒప్పుకోలేదు. "పుండు మానాలి కదే," అంది.

దాని జంట 'మే 3'. తెల్ల చొక్కా మనిషి రెండు చేతులూ పైకి చాచి తుపాకుల ముందు ఉన్నాడు, నేల మీద పెద్ద లాంతరు. కాల్చేవాళ్ళకి మొహాలు లేవు, వీపులే. చావబోయేవాళ్ళకే మొహాలున్నాయి.

కానీ అక్క కదలకుండా నిలబడిపోయింది గోయా దగ్గర కాదు. 1443కి ముందు రోజియర్ వాన్ డెర్ వేడెన్ వేసిన 'శిలువ నుంచి దించుట' దగ్గర. కొడుకు శవాన్ని దించుతుంటే తల్లి స్పృహ తప్పి పడిపోతోంది, ఆ ఒరిగిన తీరు సరిగ్గా కొడుకు ఒరిగినట్టే ఉంది, రెండు ఒళ్ళూ ఒకే వంపు. చుట్టూ ఉన్నవాళ్ళ చెంపల మీద కన్నీళ్ళు ఒక్కొక్కటీ గాజుపూసలా వేశాడు, వెలుగు పడితే మెరుస్తుందేమో అన్నట్టు. అక్క వాళ్ళిద్దరి చేతులనే చూస్తోంది. కొడుకు వేలాడే చెయ్యి, తల్లి జారిపోయిన చెయ్యి, రెండూ దగ్గర దగ్గరగా ఉన్నాయి, తాకవు. "ఈయన కూడా తాకనివ్వలేదు చూడు," అంది. గొంతులో కోపం లేదు.

2020 మార్చి 12న ప్రాడో కోవిడ్‌కి మూతపడింది. జూన్ 6న తెరిచినప్పుడు, ఉన్నవాటిలో గొప్పవాటిని నడిమి పెద్ద హాల్లోకి తెచ్చి పెట్టి ఆ ప్రదర్శనకి 'పునఃకలయిక' అని పేరు పెట్టారు. అందులో ఈ బొమ్మ కూడా ఉంది. మాస్కులు పెట్టుకుని దూరం దూరంగా నిలబడి దీన్ని చూసినవాళ్ళలో మాలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారో అనుకున్నాను.

ఎనిమిదో రోజు, బుధవారం, రీనా సోఫియా

చివరి రోజు మాడ్రిడ్‌లోనే ఉన్న ఈ మ్యూజియంలో పికాసో బొమ్మ గెర్నికా కోసం ఉంచుకున్నాం. 1937 ఏప్రిల్ 26న, సోమవారం సాయంత్రం, బాస్క్ ప్రాంతంలోని గెర్నికా పట్నం మీద జర్మన్, ఇటాలియన్ విమానాలు బాంబులు వేశాయి. పారిస్‌లో ఉన్న పికాసో మే 1న గీయడం మొదలుపెట్టి, ఐదారు వారాల్లో పూర్తిచేశాడు. దాదాపు మూడున్నర మీటర్ల ఎత్తు, ఎనిమిది మీటర్లకి కాస్త తక్కువ వెడల్పు. తర్వాత దేశాలు తిరిగి తిరిగి న్యూయార్క్‌లో ఉండిపోయింది, స్పెయిన్‌కి స్వేచ్ఛ వచ్చేదాకా పంపొద్దన్నాడు పికాసో, 1981లో గానీ రాలేదు.

రంగులు లేవు, నలుపూ తెలుపూ బూడిద. ఆయన ఆ వార్తని చూసింది పత్రికల్లో కదా, గుర్రం ఒంటి మీద అచ్చు అక్షరాల్లాంటి గీతల వరసలు కూడా ఉన్నాయి. ఎడమ చివర చనిపోయిన బిడ్డని ఒళ్ళో వేసుకుని తల్లి తల పైకెత్తి అరుస్తోంది, నాలుక కత్తిలా ఉంది. నేను ఎక్కువసేపు చూసింది కింద విరిగిన కత్తి పట్టుకున్న చేతి పక్కన ఉన్న పువ్వుని. చాలా సన్నగా, పెన్సిలు గీత అంత పలచగా వేశాడు, చెప్పకపోతే కనపడదు. అక్క ఈ బొమ్మలో చేతులు లెక్కపెట్టింది. చాలా చేతుల్లో గీతలున్నాయి చూడు, అరచేతులు తెరిచే ఉన్నాయి అంది.

సాయంత్రమైంది. నేను ముందే చదివాను గానీ అక్కకి చెప్పలేదు, ఈ భవనం కూడా ఆస్పత్రే. 18వ శతాబ్దంలో కట్టిన మాడ్రిడ్ పెద్దాస్పత్రి, 1965 దాకా రోగులుండేవాళ్ళు. లోపలి తోట చుట్టూ నాలుగు పక్కలా వరండాలు, ఎత్తైన కమాను పైకప్పులు, పొడుగ్గా, తెల్లగా, ఒక చివర నిలబడితే రెండో చివర మనిషి చిన్నగా కనపడేంత పొడుగు. గెర్నికా గది నుంచి బయటికొచ్చి అటు తిరగ్గానే అక్క ఆగిపోయింది.

"ఇది ఆస్పత్రి కదే," అంది.

అవునన్నాను. చాలాసేపు ఆ చివర వైపే చూస్తూ నిలబడింది. తర్వాత నా వెనక్కి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది, ఆ సైనికుల్లాగా, నడువు అన్నట్టు కొంచెం తోసింది. నడిచాం. ఎడమ పక్క తలుపులు ఒక్కొక్కటీ దాటుకుంటూ, మధ్యలో గేటు లేదు, ఎక్కడికమ్మా అని అడిగినవాళ్ళు లేరు, మా చెప్పుల చప్పుడు ఒక్కటే. చివరి దాకా వెళ్ళాం. అక్కడ ఒక కిటికీ ఉంది, కింద చెట్లు కనిపిస్తాయి. అక్క కిటికీ గట్టు మీద అరచెయ్యి ఆనించి పెట్టుకుంది, అలాగే ఉంచింది.

కాసేపటికి గార్డు వచ్చి ఇంకో పది నిమిషాల్లో మూసేస్తామని వాచీ చూపించాడు. అక్క తలూపి, కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"పది నిమిషాలుంది కదా," అంది, "ఇంకోసారి నడుద్దాం పద."